ముక్కు చూపించుకోని రాయమల్లు

రాయమల్లు గుడిలో ప్రసాదం పెట్టినా వాసన చూసి తినే రకం. ఎవరైనా మంచినీళ్లిస్తే, వీడికి నాతో ఏం పనిబడిందో అనుకుంటాడు. వరంగల్ బజారులో స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కుతాడు. ఇరవై ఆరేళ్లుగా ఆయన మాటను మారుమాట లేకుండా నమ్మింది భార్య సుగుణ ఒక్కతే.

రెండేళ్ల కింద కుడికన్ను కారడం మొదలైంది. నీళ్లు నిండితే గీత కనపడదు, చెయ్యి జారుతుంది. రెండు బిందెలు పాడయ్యాక గిరాకీ పక్క దుకాణానికి మళ్లింది. హనుమకొండ కంటి డాక్టరు చూసి, కన్నీటి గొట్టం మూసుకుపోయింది, ఆపరేషన్ చేసి ముక్కులోకి కొత్త దారి తియ్యాలన్నాడు. ముందు ముక్కు డాక్టరుకు చూపించుకు రమ్మని చీటీ రాశాడు.

అక్కడే రాయమల్లును అనుమానం పురుగు తొలిచింది. కంట్లో నీళ్లు కారితే ముక్కు డాక్టరెందుకు? ఇద్దరూ కుమ్మక్కయి ఉంటారు! చీటీ జేబులోనే ఉంచుకుని వారం తర్వాత నేరుగా కంటి డాక్టరు దగ్గరికే వెళ్లాడు.

"చూపించుకున్న సార్. అంత మంచిగనే ఉన్నదన్నడు. కాయితం ఇంట్ల మర్చిపోయిన."

డాక్టరు నమ్మాడు. ఇంట్లో సుగుణా నమ్మింది. ఆపరేషన్ అయింది.

మూడు నెలలు కన్ను ఆరింది. నాలుగో నెల మళ్లీ మొదలు. ఇక రాయమల్లు నోటికి తాళం లేదు. దారి సగమే తీశాడట, మళ్లీ రప్పించుకోవడానికేనట! సుగుణ ఒళ్లు మండి, దవాఖానలో పదిమంది ముందు డాక్టరును కడిగేసింది. ఆయన ఓపిగ్గా విని, ముక్కు ఇంకోసారి చూపించమని మరో చీటీ ఇచ్చాడు. ఈసారి సుగుణ కూడా వెంట నడిచింది.

ముక్కు డాక్టరు సన్నని గొట్టం లోపలికి పెట్టి టీవీలో చూపించాడు. నడుమ ఎముక కుడివైపు వంకరపోయి ఉంది. పక్కన ద్రాక్షపండంత కండ.

"దారి మంచిగనే తీసిండ్రు. ఇవి రెండు అడ్డంబడి మూసినయ్. ఏండ్ల కిందటియి. ఆపరేషన్ ముందు ఎవలు చూసిండ్రు?"

రాయమల్లు దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాడు.

"చూపించుకున్ననన్నవు గదా?" అంది సుగుణ.

సిగ్గుతో ఆయనకు తల ఎత్తబుద్ధి కాలేదు. కంటి డాక్టరును అన్న మాటలు గుర్తొచ్చి సుగుణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ముక్కు డాక్టరు, వీటిని సరిచేసి దారి మళ్లీ తెరవచ్చని ధైర్యం చెప్పి, కాగితం ముందుకు లాక్కున్నాడు. "పెద్దాయనా, బీపీ, షుగరేమన్న ఉన్నయా? మందులు వాడుతున్నవా?"

రాయమల్లు నోరు తెరిచాడు. సుగుణ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"ఆయననడుగకుండ్రి సార్. నన్నడుగుండ్రి."