కడంబత్తూరు వీధిలో మెలికలు తిరిగిన బండి

ఆ రోజుల్లో బండి వంకరగా పోతే బండిని ఎవరూ చూసేవాళ్లు కాదు, తోలేవాడి మొహం చూసేవాళ్లు. ఆ అన్యాయం తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. తిరువళ్లూరులో ఉద్యోగం చేస్తూ కొన్న మోటారు సైకిలు నాది. కొంతకాలంగా హ్యాండిలు బరువెక్కుతోందని చెబితే, మెకానిక్కు వీధిలో ఒక చుట్టు కూడా తిరగకుండా "బండి నల్లా ఇరుక్కు సార్, బాగానే ఉండాది, మీ చెయ్యే సరిగా లేదు" అని తేల్చేశాడు. ఆ బండి మీదే పెళ్లిచూపులకు కడంబత్తూరు వెళ్లాను. వీధిలోకి తిరిగి మెల్లగా పోనిచ్చేసరికి, కుడికి దిద్దితే కుడికే, ఎడమకు లాగితే ఎడమకే పోయింది తప్ప నేరుగా నిలవలేదు. (దగ్గుమందు కూడా మూతతో కొలిచి తాగేవాణ్ణి నేను!) అరుగు మీదున్న కాబోయే మామ లేచి నిలబడ్డాడు.

"ఏమప్పా, పగలే మందు పోసుకుని వచ్చినావా?"

"లేదు మామా, బండిలో ఏదో ఉండాది."

"బండిలో కాదు, నీ కడుపులో ఉండాది. పిల్లనిచ్చేది లేదు, పో!"

తలుపు సందులోంచి ఆ పిల్ల నవ్వింది. ఆ నవ్వు చూశాక నేను కదల్లేదు. "అట్లయితే మీరే తోలి చూడండి మామా" అని తాళం ఆయన చేతిలో పెట్టాను. ఆయన పంచె ఎగ్గట్టి వీధి చివరిదాకా పోయి, పాములా మెలికలు తిరుగుతూ వచ్చి గడ్డివామిలో ఆగాడు.

"అన్నా, నీకూ ఎక్కినాదా?" అని ఎదురింటామె కేకేసింది.

బండిని స్టాండు మీద నిలిపి, ముందు చక్రం లేచేలా ఆయన్ను వెనక సీటు మీద కూర్చోబెట్టాను. చక్రాన్ని పట్టుకునే ఫోర్కును ముందుకూ వెనక్కూ లాగితే ఊగలేదు. అంటే బేరింగు వదులు కాలేదు. హ్యాండిలును వేలితో తోస్తే తనంతట తానే పక్కకు వాలాలి, వాల్లేదు. వంగి చూస్తే, హెడ్‌లైటు వెనక దారాల ఉండ! ప్రతి కృత్తిక నాడూ మా అమ్మ తిరుత్తణి మురుగన్ కొండ నుంచి తెచ్చి కట్టిన మొక్కు దారాలు. పాతది తెంపితే సామికి కోపమని దాని మీదే కొత్తది. అన్నీ కేబుళ్లతో పెనవేసుకుని హ్యాండిలు మెడ పట్టేశాయి.

"మురుగా! తెంపబాకప్పా, విప్పు" అని మామ చెంపలేసుకున్నాడు. ఇద్దరం గోళ్లు నొప్పి పుట్టేదాకా విప్పాం. హ్యాండిలు వాలింది, ఆయన పట్టూ సడలింది. పెళ్లయింది.

కానీ ఆ లోపం తానే కనిపెట్టినట్టు మామ బతికినన్నాళ్లూ చెప్పుకున్నాడు! "దారం చూసినది ఎవరు మామా?" అని ప్రతిసారీ ఎగిరిపడేవాణ్ణి.

మొన్న మనవలకు ఈ కథ చెబుతూ "మీ ముత్తాత వంగి చూసి పట్టేశాడు" అన్నాను. "అది చూసినది మీరు గదా" అంది నా భార్య. ఆ ఇంటివాళ్ల నోట ఆ మాట వినాలని ఎన్నేళ్లు పోట్లాడానో!

"లేదులే, మీ నాయనే" అన్నాను, నవ్వుకుంటూ.