బార్ష్ కోసం వంగే కర్ర

నేను చేపలు పట్టడం ఎందుకు మొదలుపెట్టానో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చేపల మీద ఇష్టంతో కాదు. కాలువ ఒడ్డున ఒక్కదాన్నే కూర్చోవడానికి నాకొక సాకు కావలసి వచ్చింది.

జర్మనీలో మేముండే వోల్ఫ్స్‌బర్గ్‌లో కార్ల ఫ్యాక్టరీ పక్కనుంచే పెద్ద కాలువ పోతుంది. సెలవు రోజున పుస్తకం పట్టుకుని అక్కడ బెంచీ మీద కూర్చుంటే ఆఫీసులో పనిచేసే మనవాళ్లు ఎవరో ఒకరు కనబడతారు. "ఏంటి, ఒక్కదానివే?" అని ఆగుతారు. పుస్తకం మూసి వాళ్లతో నడవక తప్పదు. ఆ పక్కనే గాలపు కర్రలు పట్టుకుని గంటల తరబడి కూర్చునే జర్మన్లను మాత్రం ఎవరూ పలకరించరు. వాళ్ల దగ్గరకు వచ్చేసరికి నడిచేవాళ్లు గొంతు కూడా తగ్గిస్తారు. ఆ మర్యాద నాకూ కావాలనిపించింది.

ఇక్కడ గాలం వేయాలంటే పరీక్ష రాయాలి. లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చుకుని చదివాను. శనివారాల శిక్షణలో ఒక బల్ల మీద కర్రలు, రీళ్లు, దారాలు కలిపి పోసి ఒక చేప పేరు చెప్పేవారు. దానికి తగినవి ఏరి జత చేయాలి. ఈల్‌కు ఒక జత, ట్రౌట్‌కు ఇంకొకటి. నాకు ఆ ఆట బాగా నచ్చింది. పరీక్ష పాసయ్యాను.

ఆ సంగతి అన్నయ్యకు చెప్పక తప్పలేదు. సొంత అన్నయ్య కాదు, మా టీమ్‌లో సీనియర్. కరీంనగర్ ఆయనది. నేను కాకినాడ నుంచి వచ్చిన కొత్తలో ఇల్లు దొరికేదాకా వాళ్లింట్లోనే ఉన్నాను. అప్పటినుంచి ఆదివారం భోజనం వాళ్లింట్లోనే.

"ఏందీ! ఏదో అపాయింట్‌మెంట్ ఉందని చెప్పి శనివారం శనివారం పోయింది చేపల బడికా?" అని పడీ పడీ నవ్వాడు. "సరే, పాసైనవ్ కదా. కర్ర నా తరఫున గిఫ్ట్."

చేపల సామాన్ల దుకాణానికి తనే తీసుకువెళ్లాడు. దుకాణం యజమాని గుబురు మీసాల మనిషి. "ఏ చేప కోసం?" అని నన్నే అడిగాడు. నేను నోరు తెరిచేలోగా అన్నయ్య "ఆలెస్" అనేశాడు. అన్నీ అని.

తర్వాత జరిగింది నేను చిన్నప్పటినుంచి చూస్తున్నదే. బకెట్ కొన్నా, సూట్‌కేసు కొన్నా మనవాళ్లు ముందు దాన్ని వేలితో కొట్టి చూస్తారు, తర్వాత మోకాలితో నొక్కి చూస్తారు. అన్నయ్య ఒక్కో కర్రనూ అలాగే నేలకు ఆనించి నొక్కాడు. అందులో దేనికీ లొంగనిది ఒకటి దొరికింది.

"చూడు చెల్లె, గిది వంగుతనే లేదు. మస్తు గట్టిగుంది. ఒక్కసారి కొన్నమంటే మల్ల కొనే పని ఉండొద్దు."

దానికి కొబ్బరికాయంత రీలు. ఆ రీలు నిండా లావుపాటి తంగూసు దారం. "ఏనుగును కట్టినా తెగదు" అన్నాడు. అది పెద్ద పెద్ద చేపల కోసం చేసిన కర్ర అని, నేను పట్టాలనుకునే బార్ష్‌కు పనికిరాదని నాకు తెలుసు. బార్ష్ మన పండుగప్పకు బుల్లి చుట్టంలా ఉంటుంది. ఒంటి మీద నల్లచారలు, ఎర్రని రెక్కలు. నోటి చర్మం ఉల్లిపొరలా పల్చన. యజమాని నా వైపు ఒకసారి చూశాడు. నేను నా బూట్ల వైపు చూసుకున్నాను. అన్నయ్య సంతోషంగా కర్రను భుజాన వేసుకుని ముందు నడిచాడు.

ఆ కర్రతో వేసవంతా కుస్తీ పట్టాను. వేలెడంత రబ్బరు చేప కట్టి విసిరితే అది నా కాళ్ల దగ్గరే పడేది. అంత లావు దారాన్ని లాక్కుపోయే బరువు దానికి లేదు. విసిరే ప్రతిసారీ వెనక సైకిళ్ల మీద పోయేవాళ్లు ఆగి చూసేవారు. ఎవరూ పలకరించకూడదని వచ్చిన నన్ను ఇప్పుడు అందరూ పలకరించసాగారు, జాలిపడి. ఒకే ఒక్కసారి ఎలాగో దూరం పడింది. టక్కుమని చేతికి తగిలింది. లాగాను. కర్ర ఇనప కడ్డీలా నిలబడింది, చేప నోరు చిరిగి తప్పించుకుపోయింది. ఖాళీ గాలం నీళ్లలోంచి ఎగిరి వచ్చి నా చొక్కాకు గుచ్చుకుంది.

ఆ రోజు డైరీలో ఒకే వాక్యం రాసుకున్నాను. దుకాణంలో చెప్పవలసిన వాక్యం.

శనివారం బస్సులో దాన్ని పెదాలతో వల్లె వేసుకుంటూ వెళ్లాను. యజమాని నన్ను గుర్తుపట్టాడు. మీసాల కింద నవ్వుతూ, "ఈసారి ఏ చేప కోసం?" అన్నాడు.

"బార్ష్. కాలువలో. ఒడ్డు నుంచి. చిన్న రబ్బరు చేపతో."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన నవ్వడం మానేసి లోపలికి వెళ్లి నాలుగైదు కర్రలు తెచ్చాడు. ఒక్కోటి నా చేతికిచ్చి, కొసను తను పట్టుకుని చేప లాగినట్టు లాగాడు. కళ్లు మూసుకుని పట్టుకున్నాను. ఒకటి మొదలు దాకా బిగుసుకునే ఉంది. ఇంకొకటి మరీ వేలాడింది. మూడోది కొస దగ్గర తీగలా వంగి, నడుము దగ్గరకొచ్చేసరికి నిలదొక్కుకుంది. ఆయన గోటితో దారాన్ని మీటితే ఆ చిన్న అదురు నా అరచేతిలో తెలిసింది.

"ఇది కావాలి."

"కొంచెం గట్టిది తీసుకోండి. జాండర్ కూడా పట్టొచ్చు. ఒక కర్రతో రెండు పనులు."

జాండర్ బార్ష్ కన్నా పెద్ద చేప. రెండు పనులన్న మాట మా ఇంట్లో ఎవరు విన్నా మురిసిపోయేవారు.

"వద్దండి" అన్నాను. "బార్ష్ ఒక్కటే."

ఎవరికైనా మొహం మీద వద్దని చెప్పడం నాకు ఎన్నాళ్ల తర్వాతో గుర్తులేదు. ఆయన ఏమీ అనుకోలేదు. మిగతా కర్రలు లోపల పెట్టేసి రీళ్ల అర తెరిచాడు. నా పిడికిలిలో ఇమిడే రీలు తీసుకున్నాను. బ్రేకు కొంచెం వదులు చేసి దారం లాగి చూశాను. కుదుపు లేకుండా, కుట్టుమిషన్ చప్పుడంత సన్నగా వచ్చింది. ఇక దారం. మల్లెలు కట్టే దారం కన్నా సన్నని అల్లిక దారం ఎంచుకున్నాను. అది సాగదు, అందుకే చేప గుంజుడంతా వంగే కర్రే మోయాలి. నీళ్లలో కనబడకుండా దాని చివర బారెడు తంగూసు, ఈసారి సన్నది.

కొత్త కర్ర చూసి అన్నయ్య నోరు వెళ్లబెట్టాడు.

"గిదేంది చెల్లె, అగర్‌బత్తి పుల్లనా? నేనిచ్చినదానికేమైంది?"

"అది పెద్ద చేపలకండీ అన్నయ్యా."

"పెద్దది పట్టేది చిన్నది పట్టదా? గీ పుల్లతోని నువ్వు చేప పడితే పులుసు నేనే వండుత, పో."

"నువ్వు వండుడా! ఇన్నేండ్లలో టీ పెట్టిన మొహమేనా?" అంది వదిన వంటింట్లోంచి. "చెల్లె, నాకోసమన్న పట్టే తల్లీ."

నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆయన కళ్లలో చిన్న నొప్పి కనబడింది. ఆయన ఇచ్చిన కానుకను నేను పక్కన పెట్టాను. ఖాళీ చేతులతో వస్తే వచ్చే ఆదివారం మళ్లీ ఆ ఇనప కర్రే నా భుజం మీద ఉంటుంది. అంతకన్నా, ఇక ఏది ఎంచుకోవాలన్నా నన్నెవరూ అడగరు. నన్ను నేనే అడగను.

చలి మొదలైన ఒక ఆదివారం పొద్దున్నే ఇద్దరూ చూడ్డానికి వచ్చారు. వదిన ఫ్లాస్కులో టీ తెచ్చింది. సరుకుల పడవ ఒకటి వెళ్లాక అలలు సద్దుమణిగేదాకా ఆగి విసిరాను. రబ్బరు చేప గాలిలో చప్పుడు లేకుండా వెళ్లి అవతలి ఒడ్డు రాళ్ల పక్కన పడింది. వదిన ఈల వేసింది. అన్నయ్య టీ తాగుతూ ఉండిపోయాడు.

చాలాసేపు ఏమీ తగల్లేదు. వేళ్లు మొద్దుబారాయి. "పోదామా చెల్లె? మల్లెప్పుడన్న చూద్దాం" అన్నాడు అన్నయ్య, ఓదార్పుగా. ఆ ఓదార్పు నన్ను చలికన్నా ఎక్కువ కొరికింది. ఇంకొకసారి విసిరి, అడుగు తాకనిచ్చి, మెల్లగా చుట్టడం మొదలుపెట్టాను.

అరచేతిలో ఆ అదురు. దుకాణంలో ఆయన గోటితో మీటినట్టే. మణికట్టు కొద్దిగా ఎత్తాను. కర్ర కొస నీళ్ల వైపు వంగింది, వంగుతూనే ఉంది.

"గుంజు! గుంజు చెల్లె! ఇరుగుతది పుల్ల!"

గుంజలేదు. కర్రను వంగనిచ్చాను. రీలు కుట్టుమిషన్‌లా పాడింది. దారం పోయింది, ఆగింది, నేను చుట్టాను, మళ్లీ పోయింది. అన్నయ్య నా చేతిలోంచి కర్ర అందుకోబోతే, "వద్దు. నేనే" అన్నాను. ఈసారి గట్టిగానే అన్నాను. కాలువ అవతల గాలం వేస్తున్న ముసలాయన తలెత్తి చూశాడు.

చారల ఒళ్లు నీళ్లలో మెరిసింది. వలబుట్ట కిందికి పోనిచ్చి పైకెత్తాను. ముళ్ల రెక్క నిక్కబొడుచుకుని, జానెడు దాటి, లావుపాటి బార్ష్. నోట్లో బొటనవేలు పెట్టి దవడ పట్టుకున్నాను. గాలం పెదవి అంచున శుభ్రంగా గుచ్చుకుని ఉంది, ఎక్కడా చిరగలేదు. నేర్పించినట్టే తల మీద ఒక్క దెబ్బ కొట్టాను, చేప బాధపడకుండా. అవతలి ఒడ్డు ముసలాయన టోపీ తీసి ఊపాడు.

వదిన నన్నూ చేపనూ కలిపి ఫోటోలు తీస్తూనే ఉంది. అన్నయ్య నా కర్ర తీసుకుని కొస పట్టుకుని వంచాడు, వదిలాడు, మళ్లీ వంచాడు. మోకాలితో మాత్రం నొక్కలేదు.

"పులుసు నేనే వండుత, మాట మాటే" అన్నాడు చివరికి. "గని చెల్లె, వచ్చే శనివారం నన్ను ఆ దుకాణంకు తోల్కపో. నాకేది కొనాల్నో నువ్వే చెప్పు. నేను నోరు మూస్కొని నిలబడ్త."