ఆరేళ్ల చెమ్మ

బాత్రూం చెమ్మకు మా పడకగది గోడ రంగు ఈసారీ పెచ్చులుగా రాలింది. నాలుగు మాటలు అనాలనే, ఆరేళ్ల క్రితం టైల్స్ వేసిన మేస్త్రి ఖాజా భాయ్‌ని ఇవాళ జనగామ నుంచి పిలిపించాను. ఆయన బాత్రూంలో రెండు టైల్స్ ఊడదీశాడు. వెనక వాటర్‌ప్రూఫ్ కోటింగే లేదు.

“ఇదేంది భాయ్?” అన్నాను.

“కోటింగ్ ఎండనీకి మూడు దినాలు గావాలంటి గద సార్. గృహప్రవేశం ముహూర్తం దాటిపోతదని మీరే వద్దంటిరి. జర యాది జేస్కోండ్రి.”

గుర్తొచ్చింది. ఇన్నేళ్లూ ఇంటికొచ్చిన ప్రతివారికీ ఆ గోడ చూపించి, ఖాజా భాయ్ పనితనం ఇదీ అని చెప్పాను.

సాయంత్రానికి టైల్స్ అన్నీ తీసేసి, గోడ పూర్తిగా ఆరాకే కోటింగ్ వేస్తానని వెళ్లాడు. గోడ ఎలాగూ ఆరుతుంది. వాళ్లందరికీ ఇప్పుడు నేనేం చెప్పాలో మీరే చెప్పండి.