వరదాయమ్మ రెండో పొయ్యి

దమ్మపేటలో జాకెట్లు కుట్టే హెప్సిబా దుకాణానికి కొలతలివ్వడానికి వచ్చేవాళ్ళ కన్నా తగవు చెప్పుకోవడానికి వచ్చేవాళ్ళే ఎక్కువ. చర్చిలో స్త్రీల సమాజానికి ఆమె పెద్ద. అత్తాకోడళ్ళ పేచీ ఏదైనా మిషన్ ఆపకుండా వింటుంది. అంతా విన్నాక నోట్లో పెట్టుకున్న గుండుసూది తీసి ఒకటే ప్రశ్న అడుగుతుంది.

"వరదాయమ్మ అయితే ఏం చేసేది?"

వరదాయమ్మ 'ఇంటి దూలం' సీరియల్లో అత్తగారు. కొడుకులనూ కోడళ్ళనూ ఏళ్ళ తరబడి ఒకే కప్పు కింద ఉంచి, ఆఖరి భాగంలో వరదలో కొట్టుకుపోయింది. శవాన్ని చూపించలేదు. గట్టు మీద ఒక చెప్పు మాత్రం చూపించారు. ఆ ఆదివారం ప్రార్థనలో హెప్సిబా "వరదాయమ్మ కుటుంబాన్ని ఆదరించు ప్రభువా" అనబోయి, సగంలో దగ్గింది. ఆమేన్ మాత్రం అందరూ గట్టిగానే అన్నారు.

సీరియల్ అయిపోయినా తీర్పులు ఆగలేదు. పక్క వీధి అంతోనమ్మ కోడలి మీద అనుమానంతో ఫ్రిజ్‌కు తాళం వేస్తే, వరదాయమ్మ పాలగిన్నె కోడలి చేతికే అప్పగించిన ఘట్టం గుర్తుచేసి, హెప్సిబా ఆ తాళం ఊడదీయించి తన దగ్గర పెట్టుకుంది. అన్నిటికన్నా పేరుపడ్డ తీర్పు మాత్రం తన ఇంట్లోనే ఇచ్చింది. కొడుకు జోయెల్ మేడ మీద గది వేసినప్పుడు, కోడలు బ్లెస్సీ అక్కడ ఒక పొయ్యి పెట్టుకుంటానంది. బ్లెస్సీ ములకలపల్లిలో నర్సు. తెల్లారగానే బస్సు పట్టుకోవాలి. అత్త ప్రార్థన ముగించి వంటిల్లు వదిలేదాకా ఆమెకు టీ చుక్క దొరకదు. హెప్సిబా వరదాయమ్మ మాటే వినిపించింది. "ఒక ఇంట్ల ఒకటే పొయ్యి." బ్లెస్సీ మళ్ళీ అడగలేదు. పొయ్యి కోసం కట్టిన గట్టు మీద ఇస్త్రీ చేసుకుంటోంది.

భర్త పోయాక హెప్సిబా ఎప్పుడూ ఒక్కతే కూర్చుని తినలేదు. పైన పొయ్యి వెలిగితే కింద కంచం ఒకటే మిగులుతుంది. ఆ సంగతి ఆమె తీర్పులో చెప్పలేదు.

ఈ వేసవిలో టీవీలో ప్రకటన వచ్చింది. 'మీ వరదాయమ్మ... ముందు కథ! సోమవారం నుంచి.'

"నేను చెప్పలే? బతికే ఉన్నది," అంది హెప్సిబా.

చీరకు ఫాల్ కుట్టించుకోవడానికి వచ్చిన నాగలత నవ్వింది. ఆమెది పామాయిల్ తోటల కుటుంబం, పుట్టిల్లు ఏలూరు వైపు. 'ఇంటి దూలం' ఒక్క రోజు కూడా వదలకుండా చూసింది.

"బతకటమేంటి హెప్సిబా? ముందు కథంటే ఆవిడ చిన్నప్పటి కథ. ముందు జరిగిపోయింది."

"ముందు అంటే ఇగ జరిగేది నాగలతమ్మా. ముందు చూసి నడువు అంటే ఎనక్కి చూడమనా?"

"మరి మన ముందు తరం అంటే ఎవరు? మనవళ్ళా?"

"బస్సుల ముందు సీటు యాడుంటది? డ్రైవర్ కాడనా, ఎనక టైర్ మీదనా?"

నాగలత బస్సెక్కి చాలా కాలమైంది. తడుముకుంది. ఆ తడబాటునే హెప్సిబా గెలుపుగా తీసుకుని, వరదాయమ్మ తిరిగొస్తోందని ఊరంతా చెప్పింది.

సోమవారం సాయంత్రం ఆమె ఇంట్లో ఆడవాళ్ళు నిండిపోయారు. అంతోనమ్మ గారెలు తెచ్చింది. తెర మీద ఓణీ వేసుకుని, రెండు జడలతో ఒక పిల్ల గోడ దూకింది.

"ఈ పిల్లెవరు?"

"మనవరాలై ఉంటది," అంది హెప్సిబా.

లోపలినుంచి ఎవరో "ఒసే వరదా!" అని పిలిచారు. ఆ పిల్ల పలికింది. తలలన్నీ హెప్సిబా వైపు తిరిగాయి.

"కొట్టుకపోయినంక నీళ్ళల్ల నాని వయసు తగ్గినట్టుంది," అంది అంతోనమ్మ.

నాగలత ఇంకో గారె తీసుకుంది.

ఆ వారమంతా ఊళ్ళో అదే గొడవ. పిల్ల ముద్దుగా ఉందని కొందరు, వరదాయమ్మ పరువు తీస్తున్నారని కొందరు. ఎడమ చెంప మీది పుట్టుమచ్చ కుడి చెంప మీద ఉందని నాగలత అలిగింది. అయినా చూడటం ఎవరూ మానలేదు. తిట్టుకోవాలన్నా ముందు చూడాలి కదా అన్నారు.

శుక్రవారం నాటికి వరదకు పెళ్ళయింది. శనివారం అత్తతో మాటా మాటా పెరిగింది. చెంగు బిగించి, పెరటి వసారాలో కిరసనాయిలు పొయ్యి పెట్టి వెలిగించింది. తప్పెట్లు మోగుతుండగా ఆ పొయ్యినే అటూ ఇటూ తిప్పి తిప్పి చూపించారు. అప్పటికి టీవీ వైపు ఎవరూ చూడటం లేదు. అందరూ బ్లెస్సీని చూస్తున్నారు. ఆమె తల వంచుకుని వెల్లుల్లి ఒలుస్తోంది. ఆపుకున్న నవ్వుకు భుజాలు మాత్రం కదులుతున్నాయి.

ఆదివారం చర్చి బయటే అంతోనమ్మ పట్టుకుంది.

"ఒదినా, నా ఫ్రిజ్ తాళం నాకియ్యి."

"ఎందుకు?"

"ఆ తీర్పు చెల్లది. చెప్పినామెనే గట్ల చేసింది కదా."

"అప్పుడామె ఇంకా వరదాయమ్మ కాదే. ఉత్త వరద. బైబిల్ల సౌలు మారి పౌలు భక్తుడు కాకముందు చేసినవి పట్టుకుంటమా?"

"మారేటప్పుడు సౌలుకు కండ్లు పోయినయి ఒదినా. ఈమెకు పొయ్యి వచ్చింది."

హెప్సిబా పాస్టర్ సుకుమార్‌ను ఆపి, 'ముందు' అన్న మాటకు సరైన అర్థమేంటని అడిగింది. ఆయన హెల్మెట్ పెట్టుకున్నాడు. "అమ్మా, ఆ టైముకు నేను వార్తలు చూస్తా," అని బండి స్టార్ట్ చేశాడు.

మర్నాడు బ్లెస్సీ బస్సు దిగి ఇంటికి వెళ్ళలేదు. దుకాణానికి వచ్చి గిరాకీలు కూర్చునే బెంచీ మీద అంతోనమ్మ పక్కన కూర్చుంది.

"ఏమ్మా, ఇంటికి పోలేదా?"

"తగవుకు వచ్చిన అత్తమ్మా."

"ఇంట్ల చెప్పరాదా?"

"ఇంట్ల చెప్తే పోరు పెట్టినట్టైతది. ఈడైతే మీరు ఇనాలె."

హెప్సిబా మిషన్ తొక్కుతూనే ఉంది. "ఎవరి మీద?"

"మా అత్త మీద."

"మంచిది కాదా ఆమె?"

"అయ్యో, మంచిదే. బంగారం. పొద్దుగాల టీ మాత్రం తాగనియ్యది."

అంతోనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వరదాయమ్మ అయితే..." అని మొదలుపెట్టి హెప్సిబా ఆగిపోయింది.

"ఏ వరదాయమ్మ ఒదినా? రెండు జడల పిల్లనా, కొప్పు ముడేసిన అత్తనా?"

సూది కింద బట్ట ఎప్పుడో అయిపోయింది. మిషన్ ఉత్తగా నడిచి దారం ఉండ చుట్టుకుంది. హెప్సిబా ఆ చిక్కు విప్పడానికి చాలాసేపు తీసుకుంది. చిక్కు వీడలేదు. కత్తెరతో తెంపేసింది.

"పెట్టుకో పొయ్యి. సిలిండర్ జోయెల్ మోస్తడు, నేను చెప్త."

"అవ్ అత్తమ్మా. మీకు కూడ పొద్దుగాల టీ..."

"నాకేంది? నా పొయ్యి నాకున్నది."

ఆ వారంలోనే మేడ మీద పొయ్యి వెలిగింది. తాలింపు వాసన మెట్ల మీదుగా కిందికి వచ్చింది. హెప్సిబా చెయ్యి అలవాటు కొద్దీ ముగ్గురికి సరిపడా బియ్యం పోసింది. అన్నం ఉడికాక గిన్నె వైపు చూసి, మూత పెట్టింది. కంచం పెట్టుకుంది గానీ కూర్చోలేదు.

ఏడున్నరకు టీవీ పెట్టింది. సీరియల్ పాట అయిపోతుండగా బ్లెస్సీ కంచంతో దిగి వచ్చి చాప మీద కూర్చుంది.

"పైన టీవీ లేదు," అంది, ఎవరూ అడగకుండానే.

తెర మీద వరద వసారాలో పాట పాడుకుంటూ వంకాయలు తరుగుతోంది. లోపల చీకటి వంటింట్లో ఆమె అత్త విస్తరి ముందు కూర్చుని, అన్నం కెలుకుతూ ఉంది.

"పాపం ముసల్ది," అంది హెప్సిబా.

బ్లెస్సీ నమలడం ఆపి చూసింది.

"ఆమె పేరేందే?"

"ఇంక చెప్పలే అత్తమ్మా. అందరు అత్త అనే అంటున్నరు."

హెప్సిబా లేచి వెళ్ళి, మూత తీసి, గిన్నె, తన కంచం అక్కడికే తెచ్చుకుంది. గరిటెడు అన్నం బ్లెస్సీ కంచంలో వేసి, తన కంచంలో వేసుకుంది.

"రేపన్న చెప్తరేమో చూద్దాం," అని సౌండు పెంచింది.