గోడమీది రైతు నవ్వు

ఎనభైల నడుమ గుంటూరులో నేను బొమ్మలు వేసి బతికేవాణ్ణి. ఏం బొమ్మలని అడిగితే మాత్రం పూటకో రకం చెప్పాలి. పొద్దున నల్లపాడు రోడ్డు పక్క గోడల మీద పత్తి పురుగుమందు ప్రకటనలు. మధ్యాహ్నం ఒక నాటక సమాజం వాళ్ళ అడవి పరదా. సాయంత్రం ఇంట్లో కూర్చుని, చనిపోయిన పెద్దవాళ్ళ పటాలు. వీటి మధ్యలో మిర్చి కొట్ల బోర్డులు, సినిమా హాలు స్లైడ్లు, ఎవరి ట్రాక్టరు మీదో రెండు నెమళ్ళు. ఎవరైనా "మీవారేం చేస్తుంటారండీ?" అంటే మా ఆవిడ "పెయింటింగు పనులండీ" అనేది. ఇళ్ళకు సున్నం వేస్తాననుకునేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. కానీ అంతకంటే బాగా ఎలా చెప్పాలో నాకూ తెలియదు.

"అన్నీ ఒక్కసారే నెత్తినేసుకుంటారు. కంచం ముందు కూర్చుని కూడా గాల్లో గీతలు గీస్తారేమండీ" అని మా ఆవిడ పోరు. సరే, ఒక పద్ధతి పెట్టుకుందామని ఒక్కో పనికి ఒక్కో పూట కేటాయించాను. గోడల కుంచెలు, పరదా కుంచెలు, పటాల కుంచెలు విడివిడిగా డబ్బాల్లో పెట్టాను. ఇక అంతా చక్కబడిందనుకున్నాను. కుంచెలైతే వేరు చేశాను గానీ చెయ్యి ఒకటేనన్న సంగతి తట్టలేదు.

ఎండాకాలం చివర్లో ఒకనాడు ప్రకాశం వైపు పల్లె నుంచి ఒక రైతు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. తండ్రి పోయాడట. పెద్దకర్మ నాటికి పటం కావాలి. ఆ పెద్దాయనకు ఉన్నది ఒకే ఒక ఫోటో, పొగాకు ఆరబెట్టే బ్యారన్ కొట్టం ముందు ఊరివాళ్ళందరితో కలిసి తీయించుకున్నది. అందులో ఆయన మొహం వేలిగోరంత.

"మా అమ్మ ఇంక ఆ పటం చూసుకునే బతకాలండీ. కాస్త మనసు పెట్టి వెయ్యండి" అన్నాడు.

మనసు పెట్టే వేశాను. ఫోటో మీద గళ్ళు గీసి, కాన్వాసు మీద పెద్ద గళ్ళు గీసి, ముక్కూ చెవులూ కొలత ప్రకారం దించాను. అయితే ఆ రోజుల్లోనే పురుగుమందు కంపెనీ వాళ్ళు దారి పొడుగునా ఒకే బొమ్మ వేయమన్నారు. చేతినిండా పత్తి పట్టుకుని పళ్ళన్నీ కనిపించేలా నవ్వే రైతు. పత్తిని చూసి అలా నవ్వే రైతు మా వైపు నాకెక్కడా తగల్లేదు. అయినా వేస్తూనే ఉన్నాను. ఒక మధ్యాహ్నం పరదా మీద అడవి వేస్తుంటే సమాజం కార్యదర్శి వచ్చి వెనక నిలబడ్డాడు. "ఏవండీ, ఇది అడవా, మీ మామగారి పత్తి చేనా?" అన్నాడు. చూస్తే చెట్ల నిండా పత్తికాయలు. నవ్వేసి తుడిచాను. అప్పుడైనా నాకు బుద్ధి రావలసింది.

పెద్దకర్మకు ముందురోజు పటం పూర్తయింది. తడి ఆరకుండానే, పైన చుట్టిన కాగితం మొహానికి అంటకుండా పుల్లలు అడ్డం కట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాను. వాళ్ళ ఇంట్లో పెద్దావిడ గదిలో చాప మీద కూర్చుని ఉంది. పటం ఆమె ఎదురుగా గోడకు ఆనించాను. కొడుకు వచ్చి నా వెనక నిలబడ్డాడు. ఆమె ముందుకు వంగి చూసింది.

"ఎవరబ్బాయ్ ఈయన?" అంది.

"మీవారేనమ్మా."

"మా ఇంటాయన ఇట్టా నవ్వగా నేను చూళ్ళేదే. పెళ్ళి పీటల మీద గూడా నవ్వలా. ఇప్పుడు పొద్దస్తమానం గోడ మీంచి నవ్వుతా ఉంటే నేనేం జెయ్యాలి?"

ఆమె తగువుకు అడగలేదు. నిజంగానే తెలియక అడిగింది. నేను పటం వైపు చూశాను. ముక్కు ఆయనదే, చెవులు ఆయనవే. నవ్వు మాత్రం నల్లపాడు రోడ్డు గోడది. ఆ నవ్వు ఎప్పుడు వేశానో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. నాకు సిగ్గు కంటే భయం ఎక్కువ వేసింది. నాకు తెలియకుండా ఇలాంటివి ఇంకెన్ని వేశానో. అసలు నా సొంతానికి చేతనైన గీత ఒక్కటైనా ఉందా?

వెంట తెచ్చుకున్న రంగుల సంచిలోంచి టర్పెంటైన్ గుడ్డ తీసి, పటంలోని నోరు తుడిచేశాను, కళ్ళు తుడిచేశాను. పటంలో ఆయన లేరు, గోడమీది రైతూ లేడు. కుంచె పట్టుకుని ఎక్కడ మొదలుపెట్టాలో తోచక కూర్చున్నాను.

"ఎలా ఉండేవారమ్మా?"

"తిన్నగా ఎప్పుడు జూశానబ్బాయ్ ఆయన మొహం" అంది. మళ్ళీ తనే, "కళ్ళంలో మిరపకాయలు ఎండుతుంటే మబ్బు పట్టుద్ది జూడు. ఇద్దరం పట్టలు తీసుకుని పరిగెత్తేవాళ్ళం. కప్పటం అయ్యాక ఆకాశం కేసి జూసేవాడు. అప్పుడు జూశా" అంది.

ఆ చూపు నాకూ తెలుసు. ఈ పల్లెల్లో ప్రతి కళ్ళంలోనూ చూశాను. ఏ గోడమీదా ఎవరూ వేయమనలేదు. చూపు పైకెత్తి కళ్ళు వేశాను. కనుబొమ్మలు కాస్త దగ్గరకు తెచ్చాను. పెదవులు బిగించాను. ఎంత బిగించాలో తెలియక రెండుసార్లు చెరిపాను. ఆమె నా కుంచె వైపే చూస్తోంది. సరిగ్గా వస్తోందో లేదో నాకు అంతుపట్టలేదు. చెయ్యి ఎటు పోతే అటు పోనిచ్చాను.

పెదవి చివర గీత దించి కుంచె తీశానో లేదో, ఆమె చాప మీంచి గబుక్కున లేచింది. కొంగు భుజం మీదికి లాక్కుని తలుపు పక్కకు ఒదిగి, తల వంచుకుని నిలబడింది.

"నాయన ఇంట్లో ఉంటే అమ్మ కూర్చునేది కాదండీ" అన్నాడు కొడుకు నా వెనక నుంచి, మెల్లగా.

కుంచె కింద పెట్టి, నేనూ లేచి నిలబడ్డాను.