చివరి బండి

నాకు గుంపంటే మొదటినుంచీ ఒళ్ళుమంట. పెళ్ళికి వెళ్ళినా జనమంతా తిని లేచాక ఓ మూల కూర్చుని నాలుగు ముద్దలు తిని వచ్చే రకాన్ని. ఢిల్లీ ఉద్యోగంలో చేరాక ఆ మంట మరింత ముదిరింది. ఇందిరాపురంలో మేముండే అపార్ట్‌మెంటు లిఫ్టులో గుంపు. పొద్దున్నే గుర్గావ్ తీసుకెళ్ళే ఆఫీసు క్యాబులో గుంపు, అందులో ఎవడో ఒకడు నా భుజం మీద తల వాల్చి నిద్ర. ఆఫీసులో అడ్డుగోడల్లేని హాలు, అందరి ఫోన్లూ అందరి చెవుల్లో. సాయంత్రం మళ్ళీ అదే క్యాబు. వారమంతా ఇంకొకరి ఊపిరి పీల్చి బతికినట్టుండేది.

అందుకే ఆదివారం తెల్లవారగానే బండి బయటికి తీసేవాణ్ణి. బాగా బరువున్న మోటార్‌సైకిల్. చలికాలంలో కిక్ కొట్టీ కొట్టీ పిక్కలు పట్టేసేవి. హాపుర్ దాటాక రోడ్డుకి రెండువైపులా చెరకు చేలు మొదలయ్యేవి. బెల్లం వండే పాకల నుంచి తియ్యటి పొగ రోడ్డు మీదకి వచ్చేది. నచ్చిన చోట ఆగి, ఓ గ్లాసు చాయ్ తాగి, గోరువెచ్చని బెల్లం ముక్క నోట్లో వేసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా గంగ వంతెన దాకా వెళ్ళి తిరిగొచ్చేవాణ్ణి. అంతకంటే సుఖం నాకు ఆ ఊళ్ళో ఇంకేదీ లేదు.

ఆగిన చోటల్లా ఇంటికో మిస్డ్ కాల్ ఇవ్వాలన్నది మా ఆవిడతో ఒప్పందం. ఫోను ఓసారి మోగి ఆగిందంటే నేను బాగున్నానని అర్థం. మోగకపోతే తనే చేసేది. నేను ఎత్తకపోతే ఎత్తేదాకా చేసేది. ఒకసారి నేను మర్చిపోయి బ్రిడ్జి మీద నిలబడి గంగ చూస్తూ ఉండిపోతే, కింది ఫ్లోరు పెద్దాయన్ని లేపి కారు తాళాలు పట్టించింది. ఆ తర్వాత చాలా రోజులు ఆయన నన్ను లిఫ్టులో చూసినప్పుడల్లా నవ్వేవాడు.

అంత చేసినా తన భయం పోలేదు. “ఎక్కడో పడిపోతే చూసేవాళ్ళెవరండీ?” అనేది. “కనీసం కబురు చెప్పడానికైనా ఓ మనిషి పక్కన ఉండొద్దూ?”

సరిగ్గా ఆ మాటకే వంత పాడాడు మా క్యాబులో వచ్చే కరీంనగర్ కుర్రాడు. నాకంటే చిన్నవాడు, అన్నా అన్నా అంటూ వెంటపడేవాడు. వాడికి ఓ బైకుల గ్రూపు ఉండేది. ఓ రోజు మా ఇంటికి భోజనానికి వచ్చి గోంగూర కలుపుకుంటూ అన్నాడు:

“అన్నా, ఒక్కనివే ఏం తిరుగుతవ్? మాతోని రా. పది పదిహేను బండ్లుంటయ్. పంచరైతే ఆగేటోళ్ళుంటరు, పడితే లేపేటోళ్ళుంటరు. వదినా, నువ్వన్నా చెప్పు.”

వదిన చెప్పింది. ఆ పూటే కాదు, ఆ నెలంతా చెప్పింది. చివరికి పోరు పడలేక సరేనన్నాను.

గ్రూపుకి పెద్ద ఒకాయన ఉండేవాడు. బ్యాంకు ఉద్యోగం రిటైర్మెంటుకి ముందే మానేసిన ఢిల్లీవాడు. అందరూ అంకుల్ అనేవారు. ఆయనకి నియమాలంటే ప్రాణం. తన బండిని ఎవరూ దాటకూడదు. గుంటొస్తే చెయ్యి చూపించాలి, వెనకవాడు తన వెనకవాడికి చూపించాలి. బండి మీదున్న మనిషికి ఫోన్ చెయ్యకూడదు. అన్నిటికంటే ముఖ్యమైంది చివరి బండి. దాన్ని టెయిల్ అనేవారు. నట్లు బిగించే పానాలు, పంచరు సామాను, మందుల డబ్బా అన్నీ టెయిల్ దగ్గరే. దారిలో ఎవరి బండైనా ఆగితే టెయిల్ ఒక్కడే ఆగాలి. మిగతావాళ్ళు ఆగకుండా అనుకున్న ధాబాకి వెళ్ళిపోయి అక్కడ ఎదురుచూడాలి. హైవే పక్కన పదిమంది మూగితే ఏ లారీయో వచ్చి మీద పడుతుందని ఆయన వాదన. నిజానికి అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

టెయిల్ పని ఎవరికీ ఇష్టం ఉండేది కాదు. ఫోటోల్లో పడరు, ధాబాకి చివర చేరతారు, పరాఠాలు చల్లారిపోతాయి. నేను మాత్రం నోరు తెరిచి అడిగి మరీ తీసుకున్నాను. ముందు వాళ్ళ ఎర్ర దీపాలు కనిపించేంత దూరం వదిలేస్తే వెనక ఎవరూ లేరు. హారన్ల పోటీ లేదు, అరుపులు లేవు. గుంపులో ఉన్నానని ఇంట్లో నిశ్చింత, ఒంటరిగా ఉన్నానని నాకు నిశ్చింత. ఇంతకంటే తెలివైన ఏర్పాటు ఇంకోటి ఉండదనుకున్నాను. మిస్డ్ కాల్స్ కూడా మానేశాను. “అంతమంది ఉన్నారుగా, ఇంకెందుకులెండి” అని మా ఆవిడే అంది. ఆదివారం పూట ఎండెక్కేదాకా నిద్రపోవడం తనకి పెళ్ళయ్యాక అదే మొదలు.

టెయిల్ ఆలస్యంగా రావడం కూడా అందరికీ అలవాటైపోయింది. ఎవడిదో చెయిన్ ఊడేది, ఎవడికో క్లచ్ వైరు తెగేది. నేను ఆగి, చేతులు నల్లగా చేసుకుని, ఆ మనిషిని వెంటబెట్టుకుని వచ్చేసరికి వాళ్ళు రెండో చాయ్‌లో ఉండేవారు. “ఆగయా టెయిల్!” వచ్చేశాడంటూ చప్పట్లు కొట్టేవారు.

ఆ జనవరి ఆదివారం పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే బాల్కనీలోంచి ఎదురు టవరు కనబడలేదు. నేనొక్కణ్ణే అయితే ఓసారి తొంగిచూసి మళ్ళీ రజాయి కప్పుకునేవాణ్ణి. కానీ అంతా పెట్రోలు బంకు దగ్గర చేరాం. హెల్మెట్లు పెట్టుకున్నాం. ఇళ్ళకి పోదామని మొదట అనేవాడెవడు? నేననలేదు, అంకుల్ అనలేదు, మా కరీంనగర్ కుర్రాడూ అనలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుని బయల్దేరాం.

హాపుర్ దాటాక ముందు బండి ఎర్ర దీపం తప్ప నాకింకేమీ లేదు. దాన్నే పట్టుకుని పోతున్నాను. చెరకు ట్రాలీ నుంచి జారినట్టుంది, రోడ్డు మీద గడలు పరుచుకుని ఉన్నాయి. ముందువాళ్ళు పక్కనుంచి తప్పుకున్నారో, అప్పటికింకా గడలు పడలేదో నాకు తెలియదు. నా వెనక చక్రం వాటి మీదకి ఎక్కి జారింది. బండి నన్ను ఈడ్చుకుంటూ రోడ్డు దిగి, గట్టు మీద నుంచి కిందికి దొర్లి, కాలవలాంటి పల్లంలో ఎడమకాలి మీద పడింది. ముందు పోయే దీపం ఒక్క క్షణం కనిపించింది. తర్వాత శబ్దం కూడా దూరమైపోయింది.

మొదట పెద్ద భయం వెయ్యలేదు. వస్తారు కదా అనుకున్నాను. బండి ఎత్తబోతే కదల్లేదు. కాలి ఎముక విరిగిందని తెలుస్తూనే ఉంది, నొప్పి కళ్ళల్లోకి వచ్చింది. సామాను సంచీ తెగి నాలుగు బారల దూరంలో గడ్డిలో పడింది. ఫోను అందులోనే ఉంది. దాని వైపే చూస్తూ పడుకున్నాను. ఎవరైనా ఒక్కసారి చేస్తే చాలు, నేను ఎత్తకపోతే ఏదో జరిగిందని తెలుస్తుంది. లారీలు పోతున్న చప్పుడు వినబడుతూనే ఉంది. నేను అరిచిన అరుపు నాకే సరిగా వినబడలేదు.

ఫోను మోగలేదు. ఎందుకు మోగలేదో ఆలోచించడానికి నాకు కావలసినంత టైము దొరికింది. అంకుల్ చెయ్యడు, నియమం. మిగతావాళ్ళు చెయ్యరు, టెయిల్ ఎవరి కోసమో ఆగాడనుకుంటారు. ఇంట్లో మా ఆవిడ నిద్రపోతోంది, ఎందుకంటే నేను గుంపులో ఉన్నాను. ఆ సంగతి అర్థమైనప్పుడు మాత్రం భయం వేసింది. నా జీవితంలో అంత భయం ఎప్పుడూ ఎరగను. పాదం కాసేపు మండింది, తర్వాత చల్లబడింది, ఆ తర్వాత అది నాదే కానట్టయింది. బూటులో వేళ్ళు కదుపుదామని చూశాను. కదిలాయో లేదో తెలియలేదు.

మంచు కొంచెం పలచబడ్డాక పశువుల మేత కోసం కొడవలి పట్టుకుని ఒకావిడ గట్టు దిగింది. నన్ను చూసి ముందు కెవ్వుమంది. తర్వాత దగ్గరికొచ్చి, “అకేలే హో భయ్యా?” అంది, ఒక్కడివేనా అని.

“నహీ, హమ్ బహుత్ లోగ్ హై” అన్నాను. చాలామందిమి అని ఎందుకన్నానో తెలియదు. అడిగితే అదే వచ్చింది. ఆవిడ చుట్టూ చూసింది. ఇంకెవరూ కనబడక, నాకు మతి చలించిందనుకున్నట్టుంది, భుజం నిమిరి, కేకలేసి తన మగవాళ్ళని పిలిచింది. వాళ్ళు బండి ఎత్తుతుంటే నేను సంచీ చూపించాను. ఆవిడే ఫోను వెతికి చేతికిచ్చింది.

మా కరీంనగర్ కుర్రాడు రెండో రింగుకే ఎత్తాడు. వెనక ప్లేట్ల చప్పుడు, నవ్వులు. నేను నోరు తెరిచేలోపే అడిగాడు:

“అన్నా, ఎవని బండి ఖరాబైంది?”

“ఎవడిదేంట్రా? లెక్క చూసుకో. అందరూ అక్కడే ఉన్నారా లేదా?”

వాడు లెక్కపెడుతున్నాడని నాకు తెలుసు. వెనక నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అంతమందిలో ఒక్కడికీ ఆ చిన్న సంగతి తట్టలేదు. మిగతా బండ్లన్నీ కళ్ళెదురుగా నిలబడి ఉంటే, నేను ఆగింది ఎవరి కోసం?

“అన్నా… నువ్వేనా?” అన్నాడు.

అందరూ వచ్చారు. అంకుల్ ఏడ్చాడు. దగ్గర్లోని ఊళ్ళో ఆసుపత్రివాళ్ళు కాలు చూసి తమవల్ల కాదన్నారు. కట్టు కట్టి ఘాజియాబాద్ పంపించారు. ట్రాఫిక్ జామ్ దాటుకుని వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది. అక్కడి డాక్టరు పాదాన్ని అక్కడా ఇక్కడా నొక్కి, సూదితో గుచ్చి, రక్తం దారి ఎప్పుడో మూసుకుపోయిందని చెప్పాడు. “పొద్దున్నే తెచ్చుంటే ప్రయత్నించేవాళ్ళం” అన్నాడు. ఆయన మామూలుగానే అన్నాడు. మా ఆవిడ గోడ పట్టుకుని కింద కూర్చుండిపోయింది. సంతకం ఆవిడే పెట్టింది. మోకాలి కిందనుంచి తీసేశారు.

నాకు స్పృహ వచ్చాక మా ఆవిడ అన్న మొదటి మాట, “మీరు ఒక్కరే వెళ్ళుంటే, మిస్డ్ కాల్ రాకపోతే నేను ఊరుకునేదాన్నా అండీ?” ఒంటరిగా అయితే ఆ మంచులో అసలు బయల్దేరేవాణ్ణే కాదని చెప్దామనుకున్నాను. చెప్తే తనకింకా బాధ. ఆ మాట ఈనాటికీ చెప్పలేదు.

మా కరీంనగర్ కుర్రాడు నన్ను ఆసుపత్రిలో దింపి అటునుంచి అటే ఊరెళ్ళాడు, కాలు తీసిన సంగతి మా ఆవిడ గ్రూపులో ఎవరికీ చెప్పలేదు. నాలుగు రోజులకి రైలు దిగి సరాసరి ఆసుపత్రికి వచ్చాడు. ఎముకకి రాడ్డు వేశారనుకున్నాడట. చేతిలో కమలాపళ్ళ సంచీ. మధ్యాహ్నం పూట, మా ఆవిడ మందులకి కిందికి వెళ్ళింది. నడుము దాకా దుప్పటి కప్పుకుని ఉన్నాను. వాడు నా మొహమే చూస్తూ గబగబా మాట్లాడాడు. నిన్న ఫోన్లోనే గ్రూపు మీటింగ్ పెట్టుకున్నారట. కొత్త నియమం వచ్చిందట.

“ఇగ టెయిల్ల ఒక్కన్నే పెట్టం అన్నా. ఇద్దరుంటరు. ఒకనికేమన్నయితే ఇంకొకడు చూస్తడు. నీ లెక్క ఇంకెవ్వనికీ కావొద్దని అంకులే చెప్పిండు. నీ పేరు మీదనే పెట్టినం ఈ రూలు.”

నాకు ఎంత కోపం వచ్చిందంటే చేతిలో ఏదైనా ఉంటే విసిరేవాణ్ణి. వాడి మంచితనం మీద కూడా కోపమే. వాడు మాట్లాడుతూనే, నిలబడి నిలబడి కాళ్ళు నొప్పిపుట్టాయేమో, మంచం చివర ఎడమవైపు కూర్చున్నాడు. సుఖంగా, వెనక్కి జరిగి మరీ కూర్చున్నాడు. అంత చోటు ఎలా దొరికిందో వాడికి ఒక క్షణం తర్వాత తట్టింది. చెయ్యి దుప్పటి మీద పెట్టి ఒకసారి అదిమాడు, ఇంకొంచెం పైకి జరిపి మళ్ళీ అదిమాడు. కమలాపళ్ళు కింద దొర్లాయి. వాడు నిప్పు మీద కూర్చున్నవాడిలా లేచాడు.

“కూర్చోరా” అన్నాను. “అక్కడ ఖాళీయేగా.”