ఊడని లేసు కట్టుకునే బండ

మోకాలు మొరాయించక ముందు ప్రతి ఆదివారం మేం కొందరం కృష్ణగిరి కోట కొండ మీదికి పరుగెత్తేవాళ్ళం. దిగాక టీ కొట్టు దగ్గర కొత్తవాళ్ళకు సలహాలిచ్చే పెద్దమనిషిని నేనే.

"ఒకే దమ్ములో ఎక్కాలప్పా. నేను ఏనాడూ యాడా నిలబడలేదు. నన్ను చూసి మేకలే దారి ఇడుస్తాయి," అనేవాణ్ణి.

హోసూరు నుంచి వచ్చే ఒకమ్మాయి అది నమ్మింది. ఆ కొండ మీదే ఆమెకు మొదటి పోటీ. పోటీకి వారం ముందు, ఆగకుండా ఎక్కబోయి సగం దారిలోనే ఆయాసంతో కూలబడి, దిగొచ్చింది.

"నా వల్ల కాదు తాతా. పోటీకి రాను," అంది.

నేను టీ గ్లాసు కింద పెట్టాను.

"నేనూ నిలబడతానమ్మా. మలుపులో బండ ఉంది కదా, ఆడ బూటు లేసు కట్టుకున్నట్టు వంగి ఊపిరి తీసుకుంటాను. అది ఊడని లేసు."

మాతో పరుగెత్తే కిరాణా కొట్టాయన పక్కనుంచి పకపకా నవ్వాడు.

"నేను ఆడే ఫోన్ మాట్లాడినట్టు నిలబడతాను!"

"ఆడ సిగ్నలే లేదు కదప్పా!" అన్నాను నేను.

పోటీ రోజు ఆమె ఆ బండ దగ్గర ఏ నటనా లేకుండా, నడుం మీద చేతులేసుకుని నిలబడింది. మేమూ సిగ్గు విడిచి పక్కన నిలబడ్డాం. కాసేపటికి ఆమె మమ్మల్ని దాటి పైకి వెళ్ళిపోయింది.

ఆ బండ దగ్గర నుంచి ఊరు అంత అందంగా కనిపిస్తుందని నాకు ఆ రోజే తెలిసింది. అన్నేళ్ళూ వంగే ఉన్నాను మరి.